టూ-స్ట్రోక్ క్వాడ్ బైకు: బలం పెంచుదాం, ఆయిల్ పంపు ఉంచుదాం

స్కోఫీల్డ్స్ చుట్టుపక్కల ఒకప్పుడు పచ్చిక బయళ్లు, చిన్న చిన్న ఫారాలు ఉండేవి. ఇప్పుడు వరుసగా ఇళ్లు లేచాయి. అయినా కొంచెం దూరం వెళితే ఎకరాల లెక్కన స్థలాలున్న స్నేహితులు ఇంకా ఉన్నారు. వాళ్ల షెడ్లలో ఎక్కడో ఒక పాత క్వాడ్ బైకు దుమ్ము కొట్టుకుని కనిపిస్తుంది. హైస్కూలు పిల్లాడి కన్ను దాని మీద పడుతుంది. "నాన్నా, దీన్ని బాగుచేసి ఇంకా స్పీడుగా చేద్దామా?" అని అడుగుతాడు. నాన్నకు కూడా లోపల సరదాగానే ఉంటుంది. ఆ తండ్రీ కొడుకులకు, తండ్రీ కూతుళ్లకు ఉపయోగపడాలని ఈ వ్యాసం.

ఇలాంటి పాత బండ్లలో చాలావాటికి టూ-స్ట్రోక్ ఇంజను ఉంటుంది. ఉదాహరణకు యమహా బ్లాస్టర్. 1988 నుంచి 2006 వరకు తయారైన ఈ బండి ఇంజను 195 సీసీ, గాలితో చల్లబడే రకం. దీనికి ఆయిల్ పంపు ఉంది. బలం పెంచాలని ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: "ముందు ఆ పంపు పీకి పారేసి, పెట్రోల్లో ఆయిల్ కలుపుకోండి." ఈ సలహా అందరికీ సరిపోతుందా? కుటుంబంలో నలుగురు నడిపే బండికి సరిపోదని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చూద్దాం.

అసలు ఈ ఇంజనుకు ఆయిల్ ఎలా అందుతుంది?

కారు ఇంజను కింద ఆయిల్ నిండిన తొట్టి ఉంటుంది. అందులోంచి ఆయిల్ తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే చేరుతుంది. టూ-స్ట్రోక్ ఇంజనులో ఆ వీలు లేదు. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కింద ఉన్న క్రాంక్ గది గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు అదే గది ఆ మిశ్రమాన్ని పక్క దారుల గుండా పైకి నెడుతుంది. అంటే క్రాంక్ గది ఒక గాలి పంపులా పనిచేస్తోందన్నమాట. అక్కడ ఆయిల్ నింపి ఉంచలేము. అందుకని ఆయిల్ కూడా పెట్రోలుతో పాటు పొగమంచులా లోపలికి వచ్చి, బేరింగులకు, పిస్టన్‌కు, సిలిండర్ గోడకు అంటుకుని, చివరికి కాలిపోయి పొగగా బయటికి పోవాలి. ప్రతి క్షణం కొత్త ఆయిల్ రావాలి. అది ఆగితే ఇంజను ఆగినట్లే.

ఆయిల్ అందించడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది పెట్రోల్లో ముందే కలపడం. మన ఊళ్లో బజాజ్ చేతక్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది బాగా గుర్తుంటుంది. బంకులో పెట్రోలు పోయించి, దానికి కొలత ప్రకారం 2టీ ఆయిల్ పోయించి, స్కూటర్‌ను అటూ ఇటూ ఊపేవారు. రెండోది, ఆయిల్‌కు వేరే ట్యాంకు పెట్టి, ఒక చిన్న పంపు ద్వారా కావలసినంత పంపడం. యమహా కంపెనీ ఈ పద్ధతిని ఆటోల్యూబ్ అనే పేరుతో 1964లో తన వైఏ6 మోటారు సైకిల్ మీద తెచ్చింది. మన నాన్నలు, బాబాయిలు కలలుగన్న యమహా ఆర్ఎక్స్100లోనూ ఇదే పద్ధతి. 1985 నుంచి 1996 వరకు ఇండియాలో తయారైన ఆ 98 సీసీ బండికి పక్క డోరు వెనకాల ఆయిల్ ట్యాంకు ఉండేది. కాబట్టి ఆర్ఎక్స్100 మెకానిజం తెలిసిన తండ్రికి బ్లాస్టర్ ఇంజను కొత్త చుట్టమేమీ కాదు.

పంపు తెలివి ఏమిటి?

ఈ పంపును క్రాంక్ షాఫ్టు తిప్పుతుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే పంపు అంత వేగంగా తిరుగుతుంది. ఎక్సలరేటర్ కేబులు మధ్యలో రెండుగా చీలి, ఒక పాయ కార్బరేటర్‌కు, రెండో పాయ పంపుకు వెళుతుంది. ఎక్సలరేటర్ ఎక్కువ ఇస్తే పంపులోని చిన్న ప్లంజరు ఎక్కువ దూరం కదిలి ఎక్కువ ఆయిల్ పంపుతుంది. అంటే పంపు రెండు విషయాలు గమనిస్తుంది: ఇంజను వేగం, మన బొటనవేలు. నెమ్మదిగా నడిపితే తక్కువ ఆయిల్, తక్కువ పొగ. గట్టిగా లాగితే ఎక్కువ ఆయిల్.

ఇంకో లాభం కూడా ఉంది. ఎత్తు మీద నుంచి గేరులో దిగుతూ ఎక్సలరేటర్ పూర్తిగా వదిలేశామనుకోండి. కలిపిన పెట్రోలు మీద నడిచే బండికి ఆ సమయంలో పెట్రోలే సరిగ్గా అందదు, కాబట్టి ఆయిల్ కూడా అందదు. ఇంజను మాత్రం చక్రాలతో పాటు గిరగిర తిరుగుతూనే ఉంటుంది. పంపు ఉన్న బండిలో పంపు కూడా తిరుగుతుంది కాబట్టి కనీసపు ఆయిల్ వస్తూనే ఉంటుంది.

మరి పంపు తీసేయమని ఎందుకంటారు? వాళ్ల భయం కూడా అబద్ధం కాదు. పంపును తిప్పే పళ్లచక్రం అరిగిపోవచ్చు. కేబులు తెగవచ్చు. గొట్టంలో గాలి బుడగ చేరవచ్చు. ఆయిల్ ట్యాంకు ఖాళీ అయినా ఎవరూ చూడకపోవచ్చు. పందేలలో నడిపేవారు ఇంజనును ప్రతిసారీ విప్పి చూసుకుంటారు, ఆయిల్ వాళ్లే కొలిచి కలుపుకుంటారు. వాళ్లకు పంపు అక్కరలేదు. మన పరిస్థితి వేరు. ఈ శనివారం నాన్న పెట్రోలు పోస్తాడు, వచ్చే నెల మామయ్య పోస్తాడు, ఆ తరువాత పదహారేళ్ల అబ్బాయి పోస్తాడు. ముగ్గురిలో ఒక్కరు ఒక్కసారి ఆయిల్ కలపడం మరచిపోతే చాలు, కొన్ని నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది.

పట్టేయడం అంటే ఖర్చు మాత్రమే కాదు. బ్లాస్టర్ లాంటి బండికి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. వేగంగా వెళుతుండగా ఇంజను బిగుసుకుపోతే రెండు చక్రాలూ ఒక్కసారిగా ఆగిపోయి బండి అదుపు తప్పుతుంది. అందుకే నడిపే ప్రతి ఒక్కరికీ ముందే నేర్పవలసిన మాట: ఇంజను శబ్దం మారి బలం తగ్గినట్లు అనిపించగానే క్లచ్ పట్టేయాలి. ఆలోచన తరువాత, క్లచ్ ముందు.

బలం పెంచేముందు ఆరోగ్యం చూడండి

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అన్న సామెత మనకు ఊరికే రాలేదు. పాత ఇంజనుకు కొత్త సైలెన్సర్ తగిలిస్తే సరిగ్గా అదే జరుగుతుంది. కాబట్టి మొదటి పని కొనుగోళ్లు కాదు, పరీక్షలు.

మొదట కంప్రెషన్ చూడండి. తక్కువగా ఉంటే రింగులు, పిస్టన్ అరిగాయని అర్థం. తరువాత లీకు పరీక్ష. ఇన్‌టేక్‌నూ సైలెన్సర్ దారినీ మూసి, ఇంజనులోకి సుమారు 6 పీఎస్ఐ, అంటే దాదాపు 40 కిలోపాస్కల్స్ గాలి ఎక్కించాలి. 6 నిమిషాల్లో 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో లీకు ఉంది. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు ఆ చోటు చూపిస్తాయి. ఎక్కువగా క్రాంక్ సీళ్లు, కార్బరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు బూటు దోషులుగా తేలుతాయి. లీకు గుండా దొంగగాలి లోపలికి వస్తే మిశ్రమంలో పెట్రోలు పలచబడి, వేడి పెరిగి, పిస్టన్ కరుగుతుంది. ఆయిల్ పంపు ఎంత బాగా పనిచేసినా అప్పుడు కాపాడలేదు. పంపు తీసేయమనేవారు పంపు మీద వేసే నేరాల్లో చాలావాటికి అసలు కారణం ఈ దొంగగాలే.

తరువాత పంపును చూడండి. పళ్లచక్రం బాగుందా, గొట్టాలు ఎండి పగిలాయా, కేబులు సాఫీగా కదులుతోందా, లీకులున్నాయా? పాత గొట్టాలు చూడటానికి బాగున్నా మార్చేయడం మంచిది. అది చవకైన పని.

మార్పులు, వాటి వెనక లెక్క

సాధారణంగా చేసే మార్పులు నాలుగు. ఒక్కొక్కటీ ఆయిల్ మీద ఏ ప్రభావం చూపుతుందో చూద్దాం.

1. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్: టూ-స్ట్రోక్ ఇంజనులో సైలెన్సర్ శబ్దం తగ్గించడానికి మాత్రమే కాదు. దాని లావుపాటి పొట్ట ఆకారం వల్ల తిరిగి వచ్చే ఒత్తిడి అల, బయటికి జారిపోతున్న మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. మంచి సైలెన్సర్, ధారాళంగా గాలి వదిలే ఫిల్టర్ పెడితే ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు కూడా పెరగాలి. కాబట్టి కార్బరేటర్‌లో మెయిన్ జెట్ పెద్దది వేయాలి.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. కలిపిన పెట్రోలైతే, జెట్ పెద్దది వేస్తే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా పెరుగుతుంది. పంపు ఉన్న బండిలో అలా కాదు. పంపుకు జెట్ సంగతి తెలియదు. దానికి తెలిసింది వేగం, ఎక్సలరేటర్ మాత్రమే. ఇంజను ఎక్కువ వేగం తిరిగితే దానికి తగ్గట్టు ఆయిల్ పెరుగుతుంది, అది బాగానే ఉంది. కానీ ప్రతి చుట్టుకూ ఇంజను చేసే పని పెరిగినప్పుడు, చుట్టుకు అందే ఆయిల్ మాత్రం పాతదే. అందుకే మార్పు తరువాత పంపును కొంచెం పెంచి సర్దాలి.

2. పెద్ద కార్బరేటర్: బ్లాస్టర్‌కు కంపెనీ ఇచ్చింది 26 మిల్లీమీటర్ల కార్బరేటర్. 28 వేస్తే దాని స్లైడు పూర్తిగా లేవడానికి కేబులు ఇంకా ఎక్కువ దూరం కదలాలి. అప్పుడు పంపుకు, కార్బరేటర్‌కు ఉన్న పొత్తు చెడుతుంది. రెండింటినీ మళ్లీ కలపాలి. పంపు చక్రం మీద ఒక గుర్తు ఉంటుంది. సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన స్థితిలో ఆ గుర్తు సరిగ్గా కలిసేలా కేబులు సర్దాలి. ఇంకో జాగ్రత్త: కొత్త కార్బరేటర్‌కు ఆయిల్ గొట్టం తగిలించే ముక్కు ఉందో లేదో కొనేముందే చూడండి. లేకపోతే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ముక్కు బిగించవలసి ఉంటుంది. పాత కార్బరేటర్ మూతలో ఎక్సలరేటర్ ఇరుక్కుంటే ఇంజను ఆపే ఏర్పాటు ఉంటుంది. అది పోతుంటే, చేతికి తాడుతో కట్టుకునే కిల్ స్విచ్ తప్పకుండా పెట్టండి.

3. బోరు చేయించి పెద్ద పిస్టన్ వేయడం: ఈ ఇంజను బోరు 66, స్ట్రోకు 57 మిల్లీమీటర్లు. 68 మిల్లీమీటర్ల పిస్టన్ వేస్తే 195 సీసీ కాస్తా 207 సీసీ అవుతుంది, అంటే 6 శాతం పెరుగుదల. పెరిగేది కొంచెమే అయినా పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ సరిగ్గా ఉండాలి. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి దానికి పోత పిస్టన్ కంటే ఎక్కువ ఖాళీ కావాలి. పిస్టన్ తయారీదారు చెప్పిన కొలతను బోరు చేసేవారికి కాగితం మీద రాసి ఇవ్వండి.

4. హెడ్ చెక్కించడం, పోర్టులు పెంచడం: వీటితో బలం బాగా పెరుగుతుంది, వేడి కూడా బాగా పెరుగుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు, పిల్లలు నడిపే బండికి ఇది వద్దు. పంపు ఇచ్చే ఆయిల్‌కు కూడా ఒక గరిష్ఠ హద్దు ఉంది. మన కోరికలు ఆ హద్దు లోపలే ఉంటే పంపు మనతో ఉంటుంది.

పంపు చాలదేమో అని అనుమానం ఉన్నవారికి మధ్యేమార్గం ఒకటి ఉంది. పంపును ఉంచి, పెట్రోల్లో కూడా కొద్దిగా, 100:1 చొప్పున ఆయిల్ కలపడం. పంపు లీటరుకు 31 మిల్లీలీటర్లు ఇస్తోందనుకుంటే, దానికి ఈ 10 కలిసి 41 అవుతుంది, అంటే సుమారు 24:1. ఎవరైనా కలపడం మరచిపోయినా పంపు ఉంది కాబట్టి ఇంజను బతుకుతుంది. అయితే అతి చేయకూడదు. ఆయిల్ మరీ ఎక్కువైతే పొగ, ప్లగ్గు మీద మసి, సైలెన్సర్‌లో జిగురు తప్పవు.

బిగించాక మొదటి రోజు

ఆయిల్ గొట్టాలు ఒకసారి విప్పితే లోపల గాలి చేరుతుంది. పంపు మీద ఉండే చిన్న స్క్రూ తీసి, బుడగలు రావడం ఆగి ఆయిల్ మాత్రమే వచ్చేదాకా వదిలి, మళ్లీ బిగించాలి. తరువాత మొదటి ట్యాంకు పెట్రోల్లో మాత్రం 50:1 చొప్పున, అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు, ఆయిల్ కలిపి ఇంజను స్టార్ట్ చేయాలి. ఐడిల్ మీద ఉంచి, పంపు కేబులును చేత్తో పూర్తిగా లాగి పట్టుకుంటే సన్న గొట్టంలో మిగిలిన గాలి కూడా పోతుంది. గొట్టంలో బుడగలు లేకుండా ఆయిల్ కదలడం కంటితో చూడాలి. చూడకుండా "వస్తూ ఉంటుందిలే" అనుకోవద్దు.

జెట్ విషయంలో ఎప్పుడూ పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదానికి రావాలి. పెట్రోలు ఎక్కువైతే బండి దగ్గుతుంది, అంతే. తక్కువైతే పిస్టన్ పోతుంది. ప్లగ్గు తీసి చూస్తే కాఫీపొడి రంగు ఉండాలి. తెల్లగా ఉంటే ప్రమాదం, తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ.

మన పశ్చిమ సిడ్నీ వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి రోజుల్లో గాలి ఇంజనును చల్లబరచలేదు, బండి తీయకపోవడమే మంచిది. అంతకంటే మోసం చేసేది చలికాలం. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ. జనవరిలో సరిగ్గా కుదిరిన జెట్ జులై ఉదయానికి చిన్నదైపోతుంది. కాబట్టి జెట్‌ను చలికాలంలో మరోసారి సరిచూడండి.

ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద ఇంజెక్టర్‌కు పనికివస్తుందని రాసి ఉండాలి. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తు ఉంటే మంచిది. పడవల ఇంజన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ నీటితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. ఇంత వేడెక్కే ఇంజనుకు అది వద్దు. చిక్కటి ఆముదం రకం ఆయిళ్లు పంపులో పోయకూడదు.

పిల్లలకు ఒక లెక్క

పంపు సరిగ్గా పనిచేస్తోందని తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు, గుణకారం భాగహారం చాలు. ఆయిల్ ట్యాంకు మీద గుర్తు పెట్టండి. మామూలుగా నడపండి. తరువాత ఎంత పెట్రోలు అయిందో, గుర్తు దాకా మళ్లీ నింపడానికి ఎంత ఆయిల్ పట్టిందో కొలవండి.

ఉదాహరణకు 8 లీటర్ల పెట్రోలు, 200 మిల్లీలీటర్ల ఆయిల్ అయ్యాయి. 8000ను 200తో భాగిస్తే 40. అంటే 40:1. మనకు 32:1 కావాలంటే ఎంత ఆయిల్ అయి ఉండాలి? 8000ను 32తో భాగించండి. జవాబు 250. అంటే పంపును ఇంకొంచెం పెంచాలి. మార్పులు చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి ఈ లెక్క కట్టి, ఒక నోటుబుక్కులో తేదీతో తెలుగు అంకెల పక్కన రాసుకోండి. ఎప్పుడైనా ఆయిల్ ఖర్చు ఉన్నట్టుండి తగ్గితే సంతోషించకండి, బండి ఆపండి. పంపు మీకు కష్టం చెప్పుకుంటోందన్నమాట.

పెద్దలకు చివరి మాట

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో క్వాడ్ బైకులకు భద్రతా ప్రమాణం తెచ్చింది. 2020 అక్టోబరు 11 నుంచి బోల్తా ప్రమాదం గురించిన హెచ్చరిక లేబుల్ తప్పనిసరి అయింది. 2021 అక్టోబరు 11 నుంచి ఫారం పనులకు వాడే కొత్త క్వాడ్‌లకు బోల్తాపడితే మనిషిని కాపాడే పరికరం కూడా ఉండాలి. మన షెడ్లో ఉన్న పాత బండికి ఇవేవీ ఉండవు. కాబట్టి ఆ బాధ్యత మనదే. పదహారేళ్ల లోపు పిల్లలను పెద్ద సైజు క్వాడ్ ఎక్కించవద్దు. ఒక్కరి బండి మీద ఇద్దరు ఎక్కవద్దు. హెల్మెట్ లేకుండా స్టార్ట్ చేయవద్దు. మన వీధుల్లో, పార్కుల్లో నడపవద్దు. అనుమతి ఉన్న సొంత స్థలాల్లోనే నడపండి.

పదహారు నిండని పిల్లలు నడపలేకపోయినా నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. స్పానర్ అందించడం, బుడగలు చూడడం, జెట్ నంబరు రాయడం, ఆయిల్ లెక్క కట్టడం వాళ్లకు అప్పగించండి. బండి కింద కూర్చుని పనిచేసే గంటల్లో ఫోన్లు పక్కన ఉంటాయి, మాటలు తెలుగులో సాగుతాయి. ఆర్ఎక్స్100 కబుర్లు వాటంతట అవే వస్తాయి. పిల్లవాడు నడిపే వయసుకు వచ్చేసరికి, ఆయిల్ ట్యాంకు మూత తీసి చూడకుండా కిక్కు కొట్టకూడదన్న అలవాటు వాడికి వచ్చేసి ఉంటుంది. ఆ అలవాటు ఉన్నవాడి చేతికి తాళం ఇవ్వడానికి మనకూ ధైర్యంగా ఉంటుంది.